ఎవరి సూది వారిదే

గున్నమ్మ చెయ్యి తేలిక అని నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు చెప్పుకునేవారు. ఆమె పచ్చబొట్టు పొడిస్తే నొప్పి ఉండదని కాదు. నొప్పి గట్టిగా తెలిసే సమయానికి ఆమె ఏదో ఒక మాట అడిగేది. మీ అమ్మది ఏ ఊరనో, ఈ ఏడు చోళ్ళు ఎలా పండాయనో. అవతలి మనిషి జవాబు వెతుక్కునే సందులో పొడుస్తున్న తులసికోట బొమ్మకు ఇంకో రెండు మెట్లు పడిపోయేవి.

ఆ పని ఆమెకు అత్తగారి నుంచి వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఆమె ముందు అరటి దొప్ప పరిచి, దాని మీద చుక్కలు పొడిపించి నేర్పింది. సూది లోతుకు దిగితే పుండవుతుంది, పైపైన పోతే మసి నిలవదు, ఆ రెండింటి మధ్యనే ఉంది పనితనమంతా అనేది ముసలావిడ. ఇంకో మాట కూడా చెప్పేది. పెట్టుకున్న బంగారం గుమ్మం దగ్గర ఆగిపోతుంది, కట్టుకున్న కోక కాష్ఠం దగ్గర ఆగిపోతుంది, పచ్చబొట్టు ఒక్కటే మనిషి వెంట పైకి వెళుతుంది అని. ఆ ప్రాంతంలో ఆ మాట నమ్మని ఆడది లేదు. భర్త పోయిన తర్వాత గున్నమ్మ ఆ నమ్మకాన్నే బుట్టలో పెట్టుకుని ఊరూరూ తిరిగి బతికింది.

బుట్టలో ఉండేది కాస్త సరంజామా. మూడు సూదుల్ని పక్కపక్కన పేర్చి దారంతో బిగించిన కట్ట. కొబ్బరి చిప్పలో రంగు: ఆముదం దీపం మసి, గుంటగలగరాకు పసరు, కాసిని చనుబాలు. నెత్తురు తుడవడానికి ఒక తడిగుడ్డ. ఎంతమంది వచ్చి కూర్చున్నా కట్ట అదే, చిప్ప అదే, గుడ్డ అదే. సాయంత్రం ఇంటికొచ్చి సూదులు కడిగి, తుప్పు పట్టకుండా ఆముదం రాసి చుట్టి పెట్టేది. శుభ్రమైన మనిషే. స్నానం చెయ్యనిదే బుట్ట ముట్టేది కాదు. అత్త అలాగే చేసింది, అత్తకు అత్త కూడా అలాగే చేసి ఉంటుంది.

పందొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం వేసవిలో గెడ్డవలస నుంచి ఆమెకు కబురొచ్చింది. పంపింది దేముడమ్మ, అక్కడ పదిమందిలో మాట చెల్లే రైతు ఇంటి పెద్దావిడ. కొడుకు జగన్నాధానికి ఆ మాఘమాసంలో పెళ్ళి చేసింది. కోడలు లక్ష్మీనరసమ్మ ఎర్రగా, పొడుగ్గా, మాటకు ముందు నవ్వే పిల్ల. కానీ చేతుల మీద ఒక్క చుక్క లేదు. పచ్చబొట్టు లేని చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగేది లేదని అత్తగారి పంతం. సూది చూస్తేనే కోడలికి వణుకు.

గున్నమ్మ వెళ్ళేసరికి అరుగు మీద దేముడమ్మ మేనల్లుడు కొండబాబు చొక్కా విప్పుకుని కూర్చుని ఉన్నాడు. నౌపడ ఉప్పుమడుల్లో పని అతనికి. కామెర్లొచ్చి, మేనత్త ఇంట్లో పత్యం తిని కోలుకుని, ఆ పూటే తిరిగి వెళుతున్నాడు.

"ముందు నాకు పొడిసీ గున్నమ్మా. జబ్బ మీద ఆంజనేయుడు. బండి టైమైపోతన్నాది."

అతని కళ్ళ అంచుల్లో ఇంకా లేత పసుపు ఉంది. గున్నమ్మ చూసింది. చూసి, "పత్యం మానకు బాబూ, మల్లీ తిరగబెడతాది" అని కూడా చెప్పింది. అంతకు మించి ఆ పసుపుతో తన సూదికి పనేముందని ఆమెకు తోచలేదు. ఎవరికీ తోచి ఉండేది కాదు.

అతను లేచాక దేముడమ్మ కోడల్ని భుజాలు పట్టి కూర్చోబెట్టింది. ఆ పిల్ల "వొద్దత్తా, రేపు" అంటూనే ఉంది. చెయ్యి వెనక్కి లాక్కోబోతే సూది జారి గున్నమ్మ బొటనవేల్లో దిగింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, నవ్వేసి, మళ్ళీ మొదలుపెట్టింది. ముంజేతి మీద తులసికోట, దానికి అటూ ఇటూ రెండు చిలకలు పూర్తయ్యేసరికి లక్ష్మీనరసమ్మ ఏడుపు మాని తన చేతిని తనే మురిపెంగా చూసుకుంది. ఆ వెనక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరు కూర్చున్నారు. ఎండ దిగకముందే గున్నమ్మ ఇంటికి వచ్చేసింది.

శ్రావణమాసం వెళ్ళే రోజుల్లో ఆమెకు అన్నం వాసన పడకుండా పోయింది. కాళ్ళు లాగడం, వాంతులు. తర్వాత అద్దంలో చూసుకుంటే కళ్ళు రెండూ పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. నేలఉసిరి పసరు తాగింది, ఉప్పు మానేసింది, ఎవరో చెప్పారని చేతికి ఆకు కట్టు కట్టించుకుంది. రోజులు గడిచేకొద్దీ లేచి నిలబడలేని స్థితికి వచ్చాక తోటికోడలు మరిడమ్మ బండి కట్టించి సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. మరిడమ్మదీ పచ్చబొట్ల పనే. ఇద్దరికీ అత్త ఒక్కతే నేర్పింది.

ఆసుపత్రి వసారాలో చాప మీద పడుకుని గున్నమ్మ పక్కకు తిరిగి చూస్తే, గెడ్డవలస ఆడవాళ్ళిద్దరూ గోడకు జేరబడి కనిపించారు. ఇద్దరి కళ్ళూ పచ్చగానే ఉన్నాయి. లోపల మంచం మీద లక్ష్మీనరసమ్మ ఉంది. దేముడమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తోంది. ఆ పిల్ల కళ్ళు తెరిచి ఉన్నా, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు అత్తను చూస్తోంది.

డాక్టరు త్యాగరాజు గారు తలనెరిసిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. వచ్చిన ప్రతి పచ్చకామెర్ల రోగినీ ఆయన ఒకటే అడుగుతున్నారు: ఈ నాలుగైదు నెలల్లో ఎక్కడైనా సూది మందు వేయించుకున్నావా అని. గెడ్డవలస వాళ్ళందరూ లేదన్నారు. నాడి చూడడానికి ఆయన ఒకామె చెయ్యి తిప్పారు. తర్వాత రెండో ఆమె చెయ్యి తిప్పి కాసేపు అలాగే పట్టుకున్నారు. లోపలికి వెళ్ళి లక్ష్మీనరసమ్మ ముంజెయ్యి చూసి వచ్చారు.

"ఈ పచ్చబొట్లన్నీ ఒకేసారి వేయించుకున్నారా? ఎవరు వేశారు?"

ఇద్దరూ చాప వైపు చెయ్యి చూపించారు.

మర్నాడు లక్ష్మీనరసమ్మను విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. జగన్నాధం ఆమెను బండిలో తిలారు స్టేషనుకు చేర్చాడు. రైలు రాకముందే ప్లాట్‌ఫారం మీద ఆమె ప్రాణం పోయింది. ఆ కబురు వసారాలోకి వచ్చినప్పుడు గున్నమ్మ చాప మీద గోడ వైపు తిరిగి పడుకుంది. డాక్టరు అడిగిన ప్రశ్నకు అర్థం ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు. కానీ ఏదో అర్థం ఉందని మాత్రం తెలిసింది.

ఆమె కాస్త తేరుకుని గంజి తాగుతున్న రోజుల్లో డాక్టరు గారు స్టూలు జరుపుకుని పక్కన కూర్చున్నారు.

"ముందు ఎవరికి వేశావు గున్నమ్మా, ఆ రోజు?"

"కొండబాబుకండి. కామెర్లొచ్చి తగ్గినాయి."

"అతనికి తగ్గాయి. అతని నెత్తురులో ఇంకా తగ్గలేదు. ఆ నెత్తురు నీ సూదికి అంటుకుంది. సూది నుంచి నీ రంగులోకి దిగింది. వెనక కూర్చున్న వాళ్ళ ఒంట్లోకీ, నీ వేల్లోకీ వెళ్ళింది. రోగం పైకి రావడానికి నెలలు పడుతుంది, అందుకే దేనివల్ల వచ్చిందో ఎవరికీ గుర్తుండదు."

"నాను తుడుస్తానండి బాబూ. సుబ్బరంగా కడుగుతాను."

"కంటికి కనపడనంత నెత్తురు చాలు. తుడిస్తే పోదు, కడిగితే పోదు. ఉడకాలి. ఇక్కడ మా సూదులు కూడా ఉడకబెట్టకపోతే ఇదే పని చేస్తాయి." ఆయన గదిలో స్టవ్వు మీద మరుగుతున్న గిన్నె వైపు చూపించారు. అందులో గాజు సిరంజిలు, సూదులు టకటకలాడుతున్నాయి.

గున్నమ్మ తన బొటనవేలు తిప్పి చూసుకుంది.

"అయితే ఆ గుంటని నానే సంపినానా బాబూ?"

"తెలియక జరిగినదాన్ని చంపడం అనను. తెలిశాక మళ్ళీ అలాగే చేస్తే మాత్రం వేరే మాట అనాల్సి వస్తుంది." ఆయన లేచారు. లేచి, మళ్ళీ కూర్చుని, ఒకవేళ పని మానకపోతే ఏమేం చెయ్యాలో విడమరిచి చెప్పారు. ఆమె వింటోందో లేదో తెలియకపోయినా చెప్పారు.

ఇంటికి వచ్చాక గున్నమ్మ బుట్టను అటక మీదకు ఎక్కించింది. వేరుశనగ కాయలు ఒలిచే పనికి వెళ్ళడం మొదలుపెట్టింది. పిలవడానికి వచ్చిన వాళ్ళకు చూపు ఆనడం లేదని చెప్పింది. కొన్నాళ్ళకు వాళ్ళు మరిడమ్మను పిలుచుకోవడం మొదలుపెట్టారు. అది విని గున్నమ్మ, ఒకరి సూది ఇంకొకరికి వాడొద్దని మరిడమ్మకు రెండుసార్లు చెప్పి చూసింది. "నీకు జొరం దిగినా బుర్రకెక్కినాది దిగనేదప్పా" అని ఆమె కొట్టిపారేసింది.

కోతలయ్యాక ఒక మధ్యాహ్నం దేముడమ్మ ఒక్కతే నడిచి వచ్చింది. గున్నమ్మ పీట వేస్తే కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడి ఎడమచేతి మీద కప్పిన కోక పైకి లాగింది. ఆ చేతి మీద ఏమీ లేదు. ఆమె పాత పచ్చబొట్లన్నీ కుడిచేతికే ఉన్నాయి.

"దీని మీద తులసికోట పొడు. రెండు సిలకలతోటి. మా కోడలి సేతికి ఎలగేసినావో అలగ. పైకెల్లినాక ఆ గుంట నన్ను గుర్తుపట్టాల. ఆకరికి గుర్తుపట్టకుండానే ఎలిపోనాది."

"నాను మానీసినానమ్మా."

"ఏల?"

గున్నమ్మ చూపు ఆనడం లేదని అందామనుకుంది. ఆ మాట చాలామందికి చెప్పి అలవాటైపోయింది కూడా. కానీ ఎదురుగా చాచిన ఆ చెయ్యి చూస్తే నోరు రాలేదు. నేల మీద కూర్చుని, డాక్టరు గారు చెప్పినదంతా చెప్పింది. కొండబాబు దగ్గర మొదలుపెట్టి తన వేలి దాకా, ఒక్క ముక్క మింగకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ దేముడమ్మ కాళ్ళ వైపే చూసింది. ఆ కాళ్ళు కదల్లేదు.

చివరికి దేముడమ్మ కూడా నేల మీదకు దిగి కూర్చుంది.

"వొద్దత్తా, రేపు అన్నాది. నువ్వు ఇన్నావా?"

"ఇన్నానమ్మా."

"జబ్బలట్టుకుని కూకోబెట్టినదాన్ని నాను. సూది నీది, పంతం నాది." ఆమె కోక చెంగు ముడి విప్పి మళ్ళీ వేసింది. "కొండబాబుకి మాత్రం సెప్పకు. ఆడికి తెలిస్తే కూడు తినడు."

గున్నమ్మ తల ఊపింది.

"డాకటేరు ఏటి సెయ్యమన్నాడు?"

"ఎసట్లో బియ్యం అన్నమయ్యేదాకా సూదులు మరగాలన్నాడు. ఒకరికి పొడిసినాది ఇంకొకరికి ముట్టకూడదన్నాడు. రంగు కూడా ఎవురిది ఆలకే ఏరేగా పొయ్యాల, మిగిలినాది పారబొయ్యాల. సనుబాలు వొద్దన్నాడు, కాసి సల్లార్సిన నీల్లు సాలన్నాడు."

"అయితే మరగబెట్టు. నాను కూకుంటాను."

గున్నమ్మ అటక మీద బుట్ట దించింది. పాత కట్టను పక్కన పెట్టి, కోమటి కొట్టు నుంచి కొత్త సూదులు తెచ్చి, పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టింది. నీళ్ళు మరిగేదాకా ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్నారు. దేముడమ్మ ఒక పుల్ల మంటలోకి తోసింది. కాసేపటికి గున్నమ్మ ఇంకో పుల్ల తోసింది. కొత్త కాటుక మసి, పసరు చిన్న ఆకు దొప్పలో కలిపింది. పాత చీర నుంచి కొత్త గుడ్డముక్క చింపి, దాన్ని కూడా మరిగే నీళ్ళలో వేసి తీసింది.

ఆ రోజు గున్నమ్మ ఏ ఊరని అడగలేదు, పంటల మాట ఎత్తలేదు. చుక్క వెనక చుక్క, మాట లేకుండా పొడిచింది. దేముడమ్మ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అవి సూది పోటుకు వచ్చినవి కావని ఇద్దరికీ తెలుసు. రెండో చిలక ముక్కు దగ్గర చెయ్యి ఆగిపోతే దేముడమ్మే "కానీ" అంది.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"నిన్ను సూస్తే నా మనసు కాలతాది గున్నమ్మా. కాలదని అబద్దం ఆడను. కానీ ఈ ఊల్లల్లో ఆడోలు పచ్చబొట్టు మానరు. నువ్వు మానీసి కూకుంటే ఇంకొకర్తి ఆ మురికి సూదితోటే పొడుస్తాది. అదీ ఆలోసించు."

గున్నమ్మ ఆలోచించింది. సంక్రాంతి నెల దాటాక ఆమె మళ్ళీ బుట్ట ఎత్తింది. ఈసారి బుట్టలో ఒక సత్తు గిన్నె, ఎండుపుల్లల కట్ట కూడా ఉన్నాయి.

మొదట్లో జనం నవ్వారు. పచ్చబొట్టు పొడవడానికి వచ్చి పొయ్యి వెలిగిస్తుందేమిటని ముక్కున వేలేసుకున్నారు. ఒక ఊళ్ళో ముసలమ్మ, సూదిని వేణ్ణీళ్ళలో ముంచితే అమ్మవారికి కోపం వస్తుందని ఆమెను అరుగు మీద నుంచి దింపేసింది. చనుబాలు కలపని మసి నిలవదన్నారు కొందరు. నిలిచింది. అది నిలుస్తుందని చూపించడానికి గున్నమ్మ తన చీలమండ మీదే వేసుకుని చూపించేది. కూర్చోబెట్టే ముందు మనిషి ముఖం వెలుతురుకు తిప్పి కళ్ళు చూసేది. పసుపు కనిపించినా, ఆ ఏడు కామెర్లు వచ్చాయని తెలిసినా, ఎంత బతిమాలినా సూది తీసేది కాదు. ముందు ఒక పూటలో పది చేతులు నిండించే మనిషి, ఇప్పుడు మూడు చేతులతో పొద్దు గుంకించుకునేది.

శ్రీకూర్మంలో డోలోత్సవానికి జనం విరగబడతారు. దేవుణ్ణి చూసి వచ్చిన ఆడవాళ్ళు అక్కడే పచ్చబొట్టు పొడిపించుకుని వెళ్ళడం ఆనవాయితీ. ఆ ఏడు గున్నమ్మ, మరిడమ్మ పక్కపక్కనే చాపలు పరిచారు. మరిడమ్మ ముందు ఆడవాళ్ళు వరస కట్టారు. గున్నమ్మ ముందు గిన్నె ఉడుకుతోంది.

పక్క చాప మీద మరిడమ్మ ఒకామెకు ముగించి, అదే కట్టను అదే చిప్పలో ముంచి ఇంకో ఆమె చెయ్యి అందుకుంది. గున్నమ్మ చూస్తూ ఊరుకోలేకపోయింది.

"ఆగు మరిడీ. ఆ సూది మార్సు."

"నీ పని నువ్వు సూసుకో అప్పా. నువ్వు మూడు పొడిసేటప్పటికి తిరనాల ఎలిపోతాది."

"నువ్వే గదే నన్ను బండెక్కించి తోలుకెల్లినావు. నా కల్లు సూసినావు. ఆ గుంటని సూసినావు."

"సూసినాను. అయితే నన్నేటి సెయ్యమంటావు? ఇంతమందిని నిలబెట్టి అన్నం వొండమంటావా?"

వరసలో ఉన్నవాళ్ళు ఇద్దరి ముఖాలూ చూస్తున్నారు. గున్నమ్మకు అప్పుడు కోపం వచ్చింది కానీ, మరిడమ్మ అడిగిన దాంట్లో న్యాయం కూడా కనిపించింది. ఆమె లేచి నిలబడి వరసతో మాట్లాడింది. నలుగురిలో గొంతెత్తి మాట్లాడడం ఆమెకు అదే మొదలు.

"తల్లీ, ఒక మాట ఇనండి. ఒకరి నెత్తురు ఇంకొకరి ఒంట్లోకి ఎల్తే కామెర్లొస్తాయి. నాకొచ్చినాయి. ఒక పిల్ల పోనాది. అదిగో, ఆ పూసల కొట్లో సూదులు అమ్ముతన్నారు. ఎవురి సూదులు ఆలు కొనుక్కు రండి. ఇక్కడ గిన్నె మరగతానే ఉన్నాది, ఇందులో ఏసి మరగబెట్టి ఇస్తాను. నాను పొడిసినా సరే, మా మరిడి పొడిసినా సరే, మీ సూదితోటే పొడుస్తాం."

వరసలో చాలామంది కదల్లేదు. ఒకామె మాత్రం చంకలో పిల్లను మార్చుకుని కొట్టు వైపు నడిచింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వెళ్ళారు. సూదులు తెచ్చుకున్న వాళ్ళు గిన్నె చుట్టూ కూర్చుని ఎవరి సూదులకు కట్టిన దారం రంగు వారు గుర్తు పెట్టుకున్నారు. అలా చూడగా చూడగా, వరసలో నిలబడ్డ వాళ్ళకు ఉత్త చేతులతో నిలబడడం నామోషీ అయింది. మధ్యాహ్నానికి పూసల కొట్టువాడి దగ్గర సూదులు అయిపోయాయి.

మరిడమ్మ ఆ రోజంతా సణుగుతూనే పొడిచింది. ప్రతి మనిషికీ కొత్తగా కట్ట కట్టుకోవడం చేతకాక దారం పళ్ళతో తెంపుతూ సణిగింది. దొప్పలు చాలక గున్నమ్మ దగ్గర అప్పు తీసుకుంటూ సణిగింది. తర్వాతి ఏళ్ళలో కూడా, గున్నమ్మ చెప్పినది నిజమని ఆమె నోటితో ఎన్నడూ అనలేదు. కానీ పచ్చబొట్టుకు పిలిచే ఆడవాళ్ళు ముందుగానే సూదులు కొని పెట్టుకోవడం ఆ చుట్టుపక్కల మెల్లగా వాడుకైంది. వాళ్ళు సూదులు చేతిలో పెడితే మరిడమ్మ కాదనలేకపోయింది. నీళ్ళు మాత్రం కొన్నిచోట్ల బాగా మరగబెట్టేది, కొన్నిచోట్ల ఆవిరి రాగానే దించేసేది. గున్నమ్మ పక్కన ఉంటే దించనిచ్చేది కాదు.

అన్నీ చక్కబడ్డాయని గున్నమ్మ ఎప్పుడూ అనుకోలేదు. అంతకు ముందు తను పొడిచిన చేతుల మాట ఆమెను వదల్లేదు. ఎన్ని ఊళ్ళు, ఎంతమంది. వాళ్ళలో ఎవరికి ఏ ఏడు కామెర్లు వచ్చాయో, దాన్ని ఎవరు ఏ గాలి మీదకు, ఏ దిష్టి మీదకు నెట్టారో ఆమెకు తెలిసే దారి లేదు. అత్తను కూడా తలుచుకునేది. ఆవిడ కూడా శుభ్రమైన మనిషే.

ఆ తర్వాత ఆమె ఏ ఊరు వెళ్ళినా, తను పాతరోజుల్లో పొడిచిన పచ్చబొట్టు ఉన్న ఆడది ఎదురైతే నిలబడిపోయేది. పలకరింపు కంటే ముందు ఆమె కళ్ళలోకి చూసేది. అంత గుచ్చి చూస్తుందేమిటని కొందరు చిరాకు పడేవారు. ఒకసారి పోలాకి దారిలో చెరువుగట్టున గుడ్డలు ఉతుకుతున్న ఒకామె, చేతి మీద తేలు బొమ్మ ఉన్నామె, "ఏటి గున్నమ్మా, ఏటి సూస్తన్నావు?" అని అడిగింది. "ఏటీ నేదమ్మా, బాగున్నావా అని" అంది గున్నమ్మ. ఆమె కళ్ళు తెల్లగా ఉన్నాయి. గున్నమ్మ బుట్ట రెండో చంకకు మార్చుకుని, పిలిచిన ఊరి వైపు నడిచింది.